మూడో సీసా

మా మాస్టారు పోయారని ఫోను వచ్చినప్పుడు నేను రేపల్లెలో మా మందుల షాపులో ఒక పెద్దమనిషితో పోట్లాడుతున్నాను. ఆయనకి పంటి వాపు. డాక్టరు ఐదు రోజులకి రాసిన బిళ్ళల్లో రెండు రోజులవే ఇమ్మంటాడు. మొత్తం తీసుకుంటేనే ఇస్తాను, స్ట్రిప్పు చింపను అంటాను నేను. "నీకెందుకమ్మా? నా పన్ను, నా నోరు" అని కౌంటరు మీద చరిచాడు. అప్పుడే ఫోను మోగింది. తెనాలి నుంచి మాస్టారి భార్య. "మీ మాస్టారు వెళ్ళిపోయారే అమ్మాయ్" అన్నారు. 

పెద్దమనిషి నా మొహం చూసి గొంతు తగ్గించాడు. "ఎవరన్నా పోయారా తల్లీ?" అన్నాడు. మా మాస్టారండి అన్నాను. అయ్యో అని, ఇబ్బందిగా చీటీ మడిచి జేబులో పెట్టుకుని, రోడ్డు దాటి ఎదురు షాపుకి వెళ్ళాడు. అక్కడి కుర్రవాడు కత్తెర తీసి స్ట్రిప్పుని సగానికి కత్తిరించి ఇవ్వడం నాకు ఇక్కడినుంచే కనిపించింది. ఏడుపు అప్పుడొచ్చింది. మాస్టారు పోయినందుకా, ఆ కత్తెరని చూసినందుకా అంటే ఇప్పటికీ చెప్పలేను.

ఆయన తెనాలిలో ఇంటర్ పిల్లలకి జంతుశాస్త్రం చెప్పేవారు. పొట్టి మనిషి, గొంతు మాత్రం కాలవ అవతలి గట్టుకి వినపడేది. అరటిపండు తింటే చివరి ముక్క తినకుండా చొక్కా జేబులో వేసుకునేవారు. ఆ జేబు మరకలు వదిలించలేక మాస్టారి భార్య, మేమందరం ఆవిడని పిన్నిగారు అనేవాళ్ళం, "పెళ్ళయిన కాడ్నుంచీ ఈయనతో కాదు, ఈగలతో కాపరం చేస్తున్నా" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవారు. అది అబద్ధమేం కాదు. వాళ్ళింటి వెనక వసారాలో, చీమలు ఎక్కకుండా నీళ్ళు పోసిన పళ్ళేల్లో నిలబెట్టి, మూతికి పల్చటి గుడ్డ కట్టిన ఆవకాయ సీసాలు ఉండేవి. వాటి నిండా ఈగలు. గోడమీద వాలే పెద్ద ఈగలు కాదు, మగ్గిన అరటిపండు చుట్టూ ముసురుతాయే, ఆవగింజంత ఈగలు, అవి.

మొదట రెండే సీసాలు. ఒక్క అరటిగెల మీద పట్టిన ఈగల్ని ఆయన రెండు వాటాలు వేశారు. ఒక సీసాలో వాటికి గంజి ముద్ద, రెండో సీసాలో బెల్లం, అరటిపండు. మా బ్యాచి చేరేసరికే ఆ కాపురాలు మొదలై చాలా కాలమైంది. పదిహేను రోజులకో తరం లెక్కన గంజి ఈగలకి మునిమనవలు, వాళ్ళకి మునిమనవలు పుట్టుకొచ్చారు. గంజి మీద బతకలేనివి రాలిపోయాయి, బతకగలిగినవి పిల్లల్ని కన్నాయి. బెల్లం సీసాలో ఆ ఇబ్బంది లేదు, అక్కడ ఇంకో రకం జల్లెడ.

జల్లెడ అన్నది ఆయన మాటే. క్లాసులో ఎవరో అడిగారు, "సార్, ప్రకృతి ఎంపిక అంటారు గదా, ఎంచేది ఎవరు సార్?" అని. ఆయన నవ్వి, "మీ అమ్మ పిండి జల్లిస్తుంటే జల్లెడ ఎంచుతుందా? జల్లెడకి బుద్ధి ఉండదమ్మా, బెజ్జాలుంటాయి" అన్నారు. ఇంకో పిల్ల లేచి, కోతులనుంచి మనుషులొస్తే ఇప్పటి కోతులు మనుషులెందుకు అవట్లేదంది. అందరూ అడిగే ప్రశ్నే. "మీ పెదనాన్న కూతురు నువ్వెందుకు కాలేదు?" అని అడిగారు మాస్టారు. ఆ పిల్ల బిత్తరపోయింది. "ఆవిడ ఆవిడ, నువ్వు నువ్వు. మీ ఇద్దరికీ తాతగారు ఒకరు. కోతులకీ మనకీ అంతే. మనకి తాతగారు మరీ పాతకాలం మనిషి, అదే తేడా." ఆ పిల్ల కూర్చున్నాక క్లాసంతా ఎంతసేపు నవ్వామో.

ఒకసారి మమ్మల్ని కొల్లూరు దగ్గర నది మధ్య లంకకి తీసుకెళ్ళారు. పడవ దిగి, అరటితోట నీడలో పులిహోర పొట్లాలు విప్పుకుంటుంటే ఆయన మాత్రం గట్టు మీద నిలబడి నది పాయని చూస్తున్నారు. ఏడాదికేడాది వరద ఆ లంకని కోస్తూ ఉంటుంది. పక్కన ఉన్నవాళ్ళని పిలిచి చెప్పారు. "ఈ పాయ మనం పావుగంటలో దాటాం. ఆకు మీద పాకే పురుగుకి ఇది సముద్రం. కొన్ని ఇటు పడ్డాయి, కొన్ని అటు పడ్డాయి. ఇటు తిండి వేరు, అటు ఎండ వేరు. ఎన్నో తరాల తర్వాత పాయ ఎండిపోయి ఇవీ అవీ ఎదురుపడితే ఒకదాన్నొకటి పలకరించుకోవు. పలకరించుకున్నా పిల్లలు నిలవరు. అదమ్మా, ఒక జాతి రెండయిందంటే. చప్పుడుండదు. ఏ రోజు అయిందో ఎవరూ చెప్పలేరు."

చప్పుడుండదు అన్నప్పుడు ఆయన గొంతు ఎప్పుడూ లేనంత చిన్నదయింది. ఆ మధ్యాహ్నం ఎండలో నేను పొట్లం పక్కన పెట్టి ఆ పాయని చూశాను. పులిహోర బాగుంది కాబట్టి వెంటనే మర్చిపోయాను.

ఆ ఏడాదే ఒక ఆదివారం మమ్మల్ని ఇంటికి పిలిచి, గంజి ఈగల్నీ బెల్లం ఈగల్నీ ఒక సీసాలో కలిపారు. ఏది ఏదో తెలియాలిగా, అందుకని గంజి ముద్దలో మిఠాయిలకి వేసే ఎర్రరంగు కలిపి ముందురోజే తినిపించారు. గంజి ఈగల పొట్టలు ఎర్రగా కనిపిస్తున్నాయి. ఊపిరి బిగబట్టి చూశాం. ఎర్ర పొట్టవి ఎక్కువగా ఎర్ర పొట్టవాటినే వెతుక్కున్నాయి. బెల్లంవి బెల్లంవాటితో. అక్కడక్కడ కలిసినవీ ఉన్నాయి, కానీ తక్కువ. "అప్పుడే వేరు జాతి అయ్యాయా సార్?" అంటే తల అడ్డంగా ఊపారు. "ఇంకా ఒకటే. చూపులు మారాయి, అంతే. ఇంకా ఎన్నేళ్ళు పడుతుందో." పిన్నిగారు కాఫీలు పట్టుకొచ్చి, సీసాలోకి తొంగిచూసి, "ఈగలక్కూడా సంబంధాలు కుదర్చటం మొదలుపెట్టారా ఏంటి?" అన్నారు. అంత సరదాగా గడిచిన రోజు మరొకటి ఆ ఇంట్లో నాకు గుర్తులేదు.

మూడో సీసా తర్వాత వచ్చింది. నాకు పెళ్ళయి, మందుల షాపు పెట్టి, రేపల్లె ప్యాసింజరెక్కి ఎప్పుడో ఒకసారి ఆయన్ని చూసి వచ్చే రోజులవి. తెనాలిలో కాలవలున్నాయి, కాబట్టి దోమలున్నాయి. సాయంత్రాలు మునిసిపాలిటీ వాళ్ళ దోమల పొగబండి వచ్చి వీధంతా తెల్లగా పొగ వదిలేది. పిల్లలు దాని వెనక పరిగెత్తేవాళ్ళు. ఒకరోజు పొగ పలచబడ్డాక మాస్టారు గోడ దగ్గరికెళ్ళి కళ్ళజోడు సరిచేసుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. గోడమీద దోమలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మర్నాడు ఆయన బెల్లం సీసాలోంచి కొన్ని ఈగలు తీసి కొత్త సీసాలో వేశారు. వాటి మీద దోమల మందు కొద్దిగా చిమ్మారు.

దాదాపు అన్నీ చచ్చాయి. చావని నాలుగైదింటికి అరటిపండు పెట్టి పెంచారు. వాటి పిల్లల మీద మళ్ళీ చిమ్మారు. ఈసారి చచ్చినవి కొంచెం తక్కువ. అలా తరం తర్వాత తరం. నేను ఒకసారి వెళ్ళేసరికి ఆయన నన్ను వసారాలోకి పిలిచి, నా కళ్ళముందే మందు డబ్బా ఒత్తిపట్టుకుని గుడ్డలోంచి చిమ్ముతూనే ఉన్నారు. నాకు దగ్గు వచ్చింది. సీసాలో ఒక ఈగ గాజు మీద మా వైపుకి వచ్చి, భోజనానికి కూర్చోబోయే మనిషిలాగా ముందుకాళ్ళు రెండూ నులుముకుంది.

"మందుకి అలవాటు పడ్డాయా సార్?" అన్నాను.

ఆయనకి చిర్రెత్తింది. "మందుల షాపు నడుపుతూ నువ్వు కూడా ఆ మాటంటే ఎట్లాగమ్మా? ఏ ఈగా అలవాటు పడలేదు. తట్టుకోలేనివి చచ్చాయి. తట్టుకునే గుణం పుట్టుకతోనే ఉన్నవి ఏ మూలో ఒకటో రెండో ఉన్నాయి. మిగతావాటిని మనమే చంపి వాటికి ఇల్లు ఖాళీ చేసిచ్చాం. ఎన్ని చచ్చాయో అందరూ చూస్తారు. ఏవి మిగిలాయో అడిగేవాడు లేడు."

అప్పట్నుంచి నేను షాపులో స్ట్రిప్పు చింపడం మానేశాను. మా ఆయన నాది మందుల షాపు కాదు, ట్యూషన్ సెంటరు అంటాడు. రెండు రోజులు బిళ్ళలేసి, నొప్పి తగ్గగానే మానేస్తే లోపల ఏవి చస్తాయో, ఏవి మిగులుతాయో అరటిపండు ఈగలతో సహా చెప్పేదాన్ని. వినేవాళ్ళు విన్నారు, విననివాళ్ళకి ఎదురు షాపు ఉండనే ఉంది. చికున్‌గున్యా వచ్చిన ఏడాది ఊళ్ళకి ఊళ్ళు మంచం పట్టి, ఏ జ్వరానికి ఏ బిళ్ళో తెలియకుండా జనం గుప్పెళ్ళతో మింగారు. ఆ ఏడాది మాస్టారు ఫోను చేసినప్పుడల్లా ఒకటే అడిగేవారు. "ఏం అమ్ముతున్నావమ్మా?" నేను చెప్పేదాన్ని. "నాకు భయంగా ఉంది" అనేవారు. అంత పెద్ద గొంతుతో అంత చిన్న మాట వినడం నాకు బాగుండేది కాదు.

ఆ తర్వాత వెళ్ళినప్పుడు మూడో సీసా గోడవైపు జరిపి, దాని మీద ఒక గోనెపట్టా కప్పి ఉంది. చూపించమంటే చూపించలేదు. "పారేయండి సార్ మరి" అన్నాను. "పారేస్తే నా ఇంట్లో ఉండదు, అంతే" అన్నారు.

ఇక ఇప్పుడు పిన్నిగారి డబ్బా సంగతి చెప్పాలి. మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది, కాబట్టి మీకు తెలుసు. గుండ్రటి స్టీలు డబ్బా. పాత జ్వరానికి తెచ్చి తగ్గగానే ఆపేసిన బిళ్ళలు, దగ్గు మందు అడుగు, రంగురంగుల గొట్టం బిళ్ళలు, ఏ రోగానివో తెలియకుండా పేరు చెరిగిపోయిన స్ట్రిప్పు ముక్కలు. మందు పారేస్తే కళ్ళు పోతాయని పిన్నిగారి నమ్మకం. ఆ సందులో ప్రతి ఇంటికీ అలాంటి డబ్బా ఉంది, ఆవిడది మాత్రం అందరిలోకీ నిండుకుండ. తోడుకి పెరుగు అడిగినట్టు పిల్లకి జ్వరమనీ, ఆయనకి విరేచనాలనీ అడిగి పట్టుకెళ్ళేవాళ్ళు. తమ ఇంట్లో మిగిలినవి తెచ్చి ఇచ్చేవాళ్ళు. ఆవిడ ఎవరికీ లేదనేవారు కాదు. ఒకసారి మాస్టారు చూసి పెద్ద గొడవ చేస్తే డబ్బా వంటింట్లో ఊరగాయ జాడీల వెనక్కి వెళ్ళిపోయింది. ఆయన అది పోయిందనే అనుకున్నారు.

పోయిన కార్తీక పౌర్ణమికి సముద్రస్నానం చేయాలని పిన్నిగారు పట్టుబడితే ఇద్దరూ బాపట్ల వెళ్ళి, సూర్యలంక దగ్గర దిగారు. స్నానాల మీద ఆయనకి పెద్ద ఆసక్తి లేదు. ఆవిడ నీళ్ళలో మునకలేస్తుంటే ఆయన బస్సులో వచ్చిన పిల్లల్ని పోగేసి, ఇసుకలో పీతల బొరియలు చూపిస్తున్నారట. ఏదో పెంకు మడమలో దిగింది. పెద్ద గాయం కాదు. కానీ మాస్టారికి షుగరు.

ఇంటికొచ్చాక పిన్నిగారు డబ్బా తీశారు. గొట్టం బిళ్ళ విప్పి పొడి గాయం మీద చల్లారు. మన వైపు ఎంతమంది చల్లరు? ఆయన పేపరు చదువుకుంటూ కాలు చాపారు, ఏదో పుండు పౌడరనుకున్నారు. పొద్దుటా సాయంత్రం షుగరు బిళ్ళతో పాటు డబ్బాలోంచి ఒక బిళ్ళ కూడా అరచేతిలో పెట్టారావిడ. ఆవిడ చేతిలో ఏం పెడితే అది చూడకుండా నోట్లో వేసుకుని నీళ్ళు తాగడం ఆయనకి పెళ్ళినాటి అలవాటు. రెండు రోజులకి నొప్పి తగ్గింది. ఆ రకం బిళ్ళలు అయిపోయాయి, ఆవిడ ఇంకో రకం మొదలుపెట్టారు. అవీ అయిపోయాయి. పైకి పుండు మానినట్టే ఉంది.

నేను చూడటానికి వెళ్ళేసరికి పాదం నిగనిగలాడుతూ వాచి ఉంది. చూడగానే తిట్టాను. ఆయన్ని తిట్టేంత చనువు నాకుంది. తెనాలిలోనే ఆయన దగ్గర చదువుకున్న ఒక డాక్టరు, ముందు పెద్ద బిళ్ళలు రాసి ఇంట్లోనే చూద్దామన్నాడు. నాలుగు రోజులకి జ్వరం ఎక్కువై ఆస్పత్రిలో చేర్చారు. సెలైన్లో మందు ఎక్కించారు, తగ్గలేదు. మందు మార్చారు, తగ్గలేదు.

పుండులోంచి తీసింది పరీక్షకి పంపారు. ఫలితం కాగితం మీద వస్తే మాస్టారు ఊరుకోలేదు. "కాగితం కాదు నాన్నా, పళ్ళెం చూపించు" అన్నారు డాక్టరుతో. అతను పాత విద్యార్థి, కాదనలేకపోయాడు. లేబులోంచి గాజు పళ్ళెం తెప్పించి, మూత తీయకుండా దూరంగా పట్టుకుని చూపించాడు. మీరు చూసి ఉండరు కాబట్టి చెబుతాను. ఆ పళ్ళెంలో రోగి ఒంట్లోని క్రిముల్ని పెంచుతారు. మధ్యమధ్యలో ఒక్కో మందు అద్దిన చిన్న కాగితం బిళ్ళలు పెడతారు. మందు పనిచేస్తే దాని చుట్టూ గుండ్రంగా ఖాళీ ఏర్పడుతుంది. మాస్టారి పళ్ళెంలో క్రిములు బూజులా పరుచుకుని, ఒక్కో బిళ్ళ అంచుదాకా వచ్చి ఆనుకుని ఉన్నాయి. ఎక్కడా ఖాళీ లేదు. ఒక్కదాని చుట్టూ మాత్రం సన్నటి గీతంత జాగా ఉంది.

డాక్టరు దాన్నే చూపించి, "ఇది ఇస్తాం సార్" అన్నాడు.

మాస్టారు ప్రాక్టికల్ పరీక్షలో పిల్లలు చేసింది చూసినట్టే చూశారు. తల పక్కకి వంచి, కళ్ళు చిన్నవి చేసి. డాక్టరు వెళ్ళాక నాతో అన్నారు. "గోనెపట్టా కప్పాను కదమ్మా. చూడకపోతే పెరగదనుకున్నానేమో."

నేను ఏడుస్తూ, డబ్బా వల్లే జరిగిందా అన్నాను. అప్పటికి ఆయనకి సంగతంతా తెలిసింది, నేనే పిన్నిగారిని ఎందుకో చెప్పకుండా గుచ్చి గుచ్చి అడిగి ఆయనకి చెప్పాను. ఆయన ఫ్యాను వంక చూస్తూ అన్నారు. "కావచ్చు, కాకపోవచ్చు. సముద్రం దగ్గర అంటుకుంది ముందే గట్టిదేమో. ఆస్పత్రిలో పట్టిందేమో. మన సందులో ఎన్ని డబ్బాలు, తెనాలిలో ఎన్ని సందులు? రొయ్యల చెరువుల్లో పోసేది ఎంత, కోళ్ళకి పెట్టేది ఎంత? ఏ బెజ్జంలోంచి జారిందో జల్లెడని అడిగితే చెబుతుందా?"

తర్వాత నా చెయ్యి పట్టుకున్నారు. "రెండు పనులు చెయ్యి. నేను పోతే మూడో సీసాలో మరిగే నీళ్ళు పోసెయ్. గుడ్డ విప్పకు, పైనుంచే పొయ్యి. గంజివీ బెల్లంవీ ఎవరన్నా పెంచుతానంటే ఇచ్చెయ్. రెండోది, డబ్బా వల్లేనేమోనని మీ పిన్నితో అనకు. ఆవిడ తన చేతుల్తో చల్లింది. తన చేతుల్ని తాను చూసుకోలేని రోజు ఆవిడకి రాకూడదు."

అట్లాగే సార్ అన్నాను. అప్పుడే పిన్నిగారు కాఫీ ఫ్లాస్కుతో లోపలికి వచ్చారు. ఆయన నా చెయ్యి వదిలి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ సిగ్గుపడి, "అమ్మాయి చూస్తోంది, వదలండి" అన్నారు. ఆయన వదల్లేదు.

సన్నటి గీతంత జాగా చూపించిన మందు కొన్నాళ్ళు పనిచేసింది. ఆ తర్వాత అదీ చెయ్యలేదు. మిగతాది మీకు మొదట్లోనే చెప్పాను.

పెద్దకర్మ ఆదివారం పడింది. భోజనాలయ్యాయి, చుట్టాలు ఒక్కొక్కరే రైలుకీ బస్సుకీ కదిలారు. సాయంత్రానికి ఇంట్లో పిన్నిగారు, నేను మిగిలాం. నేను గిన్నెడు నీళ్ళు మరిగించి వసారాలోకి తీసుకెళ్ళి గోనెపట్టా తీశాను. మిగతా రెండు సీసాల్లో ఎవరో ఒకరు ఇంత తిండి వేశారు గానీ, ఆస్పత్రి హడావుడిలో దీనికి ఇన్నాళ్ళూ ఎవరూ తిండి పెట్టలేదు. చచ్చి ఉంటాయనుకున్నాను. అడుగున చచ్చినవి నల్లగా పేరుకుని ఉన్నాయి. వాటి మీద తిరుగుతూ కొన్ని ఉన్నాయి. చాలానే ఉన్నాయి. నేను గుడ్డ విప్పకుండా నీళ్ళు పోశాను. గాజు టప్పున పగిలింది. నీళ్ళు గచ్చు మీద పారాయి. ఏదీ ఎగరలేదనే నా నమ్మకం. వంగి చూశాను, మళ్ళీ వంగి చూశాను.

అప్పుడు వీధివైపు నుంచి పక్కింటావిడ గొంతు వినిపించింది. చంకలో చంటిపిల్ల, చెవి పట్టుకుని గుక్కపెట్టి ఏడుస్తోంది.

"మామ్మగారూ, ఈ టయంలో అడగకూడదు గానీ, పిల్లకి చెవిపోటండి. ఆదివారం డాక్టర్లెవరూ లేరంటున్నారు. తాతగారికి వాడిన పెద్ద బిళ్ళలు మిగిలాయంట గదా, ఒక ముక్క ఇస్తే తగ్గిద్దని..."

పిన్నిగారు అప్పటికే లేచారు. జాడీల వెనకనుంచి డబ్బా తీసి మూత తెరిచారు. పైనే ఉన్నాయి ఆ పెద్ద బిళ్ళలు, ఆస్పత్రిలో చేరకముందు వాడగా మిగిలినవి. వెండి కాగితంలో తళతళలాడుతున్నాయి.

"పిన్నిగారూ, వద్దండి" అన్నాను. ఎందుకు అని ఆవిడ అడిగితే ఏం చెప్పాలి? నోరు తెరిస్తే మాస్టారికిచ్చిన మాట తప్పినట్టు, తెరవకపోతే ఆ పిల్ల నోట్లో ఆ బిళ్ళ. నేను పక్కింటావిడ వైపు తిరిగి, "అమ్మా, నేను ఆటో పిలుస్తా, పెద్దాసుపత్రిలో ఎవరో ఒకరు ఉంటారు, రా" అన్నాను. "చెవిపోటుక్కూడా పెద్దాసుపత్రేంటండీ" అంది ఆవిడ, నన్ను పిసినారిని చూసినట్టు చూస్తూ.

పిన్నిగారు ఇవ్వలేదు. బిళ్ళల్ని చేతిలో పట్టుకుని పీట మీద కూర్చుండిపోయారు.

"ఆయన కాలికి చల్లింది ఇందులోవే గదే" అన్నారు.

నేను బిళ్ళల కోసం చెయ్యి చాపాను.

"నాకు చెప్పొద్దన్నారు గదూ? నాకు తెలుసే. ఆస్పత్రిలో ఆయన నా చెయ్యి పట్టుకుని వదల్లా. ఇన్నేళ్ళ కాపరంలో పదిమందిలో నా చెయ్యి పట్టుకున్న మనిషి కాదు. అప్పుడే అనుకున్నా, ఈ చేత్తోనే ఏదో చేశానని."

నేను ఆవిడ పక్కన చతికిలబడి, తెలియదండీ, ఎవరికీ తెలియదు, మాస్టారే తెలియదన్నారు అని ఏదేదో చెప్పాను. అది నిజమే. ఆవిడ విన్నట్టు లేదు. డబ్బా మూత పెట్టి నా ఒళ్ళో పెట్టారు. "తీసుకుపో. నీళ్ళల్లో పొయ్యకు, ఆయన తిడతారు. ఎక్కడ పారెయ్యాలో నీకు తెలుసుగా. ఆయన గురించి ఏదన్నా రాస్తానన్నావే, ఇదీ రాయి. నన్ను దాచి రాయకు."

అందుకే రాస్తున్నాను. మామూలుగా ఇలాంటి నివాళిలో పోయినవారి మంచిచెడ్డలూ, శిష్యులూ, సన్మానాలూ చెప్పాలి. మాస్టారికి సన్మానాలు జరగలేదు. ఆయన నాకు చూపు ఇచ్చారు. కౌంటరు మీద చెయ్యి చరిచే ప్రతి మనిషి వెనకా నాకు ఆ సీసా కనిపిస్తుంది, అందులో చచ్చినవాటి మీద నడిచేవి కనిపిస్తాయి. అది ఆయన పెట్టిన భిక్షే, సందేహం లేదు. అంత సుఖమైన భిక్ష మాత్రం కాదు.

పక్కింటావిడ గుమ్మంలో ఇబ్బంది పడుతూ నిలబడి ఉంది. ఆవిడకి సగం అర్థమైంది, సగం కాలేదు. "పోనీలెండి మామ్మగారూ, మీరు బాధపడకండి. మా డబ్బాలోనే చూస్తా, ఏదో ఒకటి ఉంటది" అంది. నేను లేచి వీధిలోకి వెళ్ళి, "ఏది పడితే అది వెయ్యకమ్మా, రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తా" అని అరిచాను. "అట్టాగేనండి" అంది వెనక్కి తిరగకుండానే. మన వైపు అట్టాగేనండి అంటే ఏంటో మీకు తెలుసు.

తిరిగొచ్చి డబ్బా నా సంచిలో పెట్టుకున్నాను. గోడ అవతల స్టీలు మూత తీసిన చప్పుడయింది. పిల్ల ఏడుపు కాసేపు సాగి, వెక్కిళ్ళయి, ఆగింది. వసారా గచ్చు మీద మరిగిన నీళ్ళు ఆరుతున్నాయి. మిగిలిన రెండు సీసాల్లో గంజి ఈగలూ బెల్లం ఈగలూ ఎవరి గాజులో అవి తిరుగుతున్నాయి.

"మామ్మగారూ!" గోడ అవతలనుంచి సంతోషంగా కేకేసింది పక్కింటావిడ. "తగ్గిపోయిందండీ! సగం బిళ్ళకే నిద్రపోయింది!"

పిన్నిగారు పీట మీద అలాగే కూర్చుని, రెండు అరచేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, వాటినే చూస్తున్నారు.